వెనక తలుపు అడిగిన అతిథి

పోయిన వారం ఏం జరిగిందో మళ్ళీ చెప్పే అలవాటు నాకు లేదు. నా పాఠకులకు ఆ అవసరమూ లేదు. ఈ సీరియల్ చదువుతూ పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయినవాళ్ళున్నారు. దిగాల్సిన చోటు దాటిపోయి బస్సు డిపో దాకా వెళ్ళినవాళ్ళున్నారు. ఒకాయనైతే పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని ఇదే చదువుతూ, ఏ పన్నో చెప్పడం మర్చిపోయి మంచి పన్ను పీకించుకొచ్చాడు. అయినా కథలో ఒక్క ముక్క మర్చిపోలేదు. అలాంటివాళ్ళకు వెనకటి కథ చెప్పడమంటే అవమానించడమే. అందుకని చెప్పను.

చెప్పను గానీ, గుమ్మం అత్త ఎవరో మాత్రం గుర్తుచేస్తాను. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. వారమంతా మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకుని, పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బిగుతు చొక్కాలు వదులు చేస్తుంది. ఆదివారం వచ్చిందంటే చర్చి గుమ్మంలో నిలబడుతుంది. ఆమె కంట పడకుండా లోపలికి వెళ్ళిన మనిషి లేడు. చెయ్యి పట్టుకుని ఊపిందంటే ఆగిపోయిన చేతి గడియారం కూడా నడవాల్సిందే. వాన పడుతుంటే చూరు కింద నిలబడ్డవాణ్ణి లోపలికి లాక్కొచ్చింది. ఇప్పుడతను పాటల బృందంలో గిటారు వాయిస్తున్నాడు. అడ్రసు అడగడానికి ఆగిన గ్యాసు సిలిండర్ల ఆయన ఆరాధన ముగిసేదాకా బయటపడలేకపోయాడు. ఆ పూట వీధి వీధంతా పచ్చి కూరలే తిన్నదట.

చర్చికి ఎవరు కొత్తగా వచ్చినా అత్త పద్ధతి ఒక్కటే. ఆరాధన మధ్యలో లేపి నిలబెట్టాలి. పేరు చెప్పించాలి. అందరి చేతా చప్పట్లు కొట్టించాలి. ఫోటో తీయించి, వీధిలోకి కనబడే అద్దాల పెట్టెలో పెట్టించాలి. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, "మా కొత్త బంధువులు" అని.

చర్చి పక్కనున్న హాలు సంగతీ ఆమెదే. వారమంతా తాళం పడి ఉండే ఆ హాలును, సంఘ పెద్దలతో పోట్లాడి, పగలంతా తెరిపించింది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. టీ తాగొచ్చు, ఫోను చార్జింగు పెట్టుకోవచ్చు, ఊరికే కునికిపాట్లు పడొచ్చు. బుధవారం మధ్యాహ్నం అందరికీ భోజనం. తిననిదే ఎవరినీ పంపించకూడదన్నది అత్త పెట్టిన నియమం. అది హాలు గుమ్మం పక్కనున్న బోర్డు మీదకెక్కింది. తాగి వచ్చినవాణ్ణి బయటికి తోసిన ఒక సంఘ పెద్దను అందరి ముందూ కడిగేసింది. ఇంకెవరికీ ఆ బుద్ధి పుట్టకుండా, తలుపు లోపలి గడియను స్క్రూడ్రైవరుతో ఊడదీసి తన మిషను సొరుగులో పడేసింది.

ఆ గడియ లేని తలుపులోంచి వచ్చింది లాండ్రీ అమ్మాయి, దగ్గర్లోని లాండ్రీలో పనిచేసే పిల్ల. ఆదివారాలు చివరి బెంచీలో, చివరి చోట కూర్చునేది. ఎంత ఉక్కగా ఉన్నా కోటు విప్పదు. చేతిసంచి పట్టీ మణికట్టుకి చుట్టుకుని, ఏ క్షణానైనా లేచిపోయేదానిలా ఉంటుంది. సిగ్గనుకుంది అత్త. సిగ్గుకి చప్పట్లను మించిన మందు లేదని ఆమె నమ్మకం. పోయిన వారం ఆ పిల్లను ఎలా లేపి నిలబెట్టిందో, ఆ ముఖం ఎలా పాలిపోయిందో, అయినా ఫోటో అద్దాల పెట్టెలోకి ఎలా ఎక్కిందో మీకు తెలిసిందే.

చూశారా, చెప్పనన్న కథంతా చెప్పేశాను! పోనివ్వండి, పొంగిన పాలు తుడుచుకుని ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళు ఉంటారుగా.

*

బుధవారం. భోజనానికి ఇంకా చాలా టైముంది. టీ కాగే పెద్ద డబ్బా మూలన బుసలు కొడుతోంది. గుమ్మం అత్త మడత బల్లలు విప్పుతోంది. ఆ బల్లల కాళ్ళు ఒక్క తన్ను తంతే గాని సర్దుకోవు. ఏ బల్లను ఎక్కడ తన్నాలో ఆమెకే తెలుసు.

వంటగదిలో లాండ్రీ అమ్మాయి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. వంటగదికీ హాలుకీ మధ్య వడ్డించే కిటికీ ఒకటి ఉంది. దాని చెక్క తలుపు సగం దించి ఉన్నా, కత్తి చప్పుడు ఇవతలికి వినిపిస్తూనే ఉంది. ఆదివారం తర్వాత ఈ పిల్ల మళ్ళీ రాదేమోనని అత్తకు మనసులో ఏదో మూల పీకుతూనే ఉంది. వచ్చింది. పలకరింపు లేకుండా కత్తి అందుకుంది. చప్పట్ల ఊసు ఆమె ఎత్తలేదు, అత్తా ఎత్తలేదు.

గుమ్మంలో ఎవరో బూట్లు పట్టా మీద తుడుచుకుంటున్నారు. మామూలుగా ఎవరైనా ఒకసారి రాసి వచ్చేస్తారు. ఈ మనిషి ఎడమ కాలు, కుడి కాలు, మళ్ళీ ఎడమ కాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"లోపలికి రావచ్చాండీ?"

"భలేవాడివే నాయనా! నువ్వు రాకపోతే నేనే వచ్చి లాక్కొచ్చేదాన్ని. రా, రా."

చెయ్యి పట్టుకుని ఊపింది. మెత్తటి చెయ్యి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. టీ ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు. అత్త బల్ల లాగబోతుంటే కప్పు కింద పెట్టి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, మీరెందుకండీ, నేనున్నానుగా."

"దాని కాలు తన్నాలి బాబూ. అలా కాదు, మరీ ముద్దుగా తంతున్నావు. కోపం తెచ్చుకుని తన్ను."

"నాకు కోపం రాదండీ," అన్నాడు నవ్వుతూ.

అత్తకు అతను తెగ నచ్చేశాడు. ఇలాంటి కొత్తవాడు వస్తే ఆదివారం చప్పట్లు వీధి చివరి దాకా వినబడాలి అనుకుంది.

"ఎంత బాగుందండీ ఈ చోటు," అన్నాడు అతను నలువైపులా చూస్తూ. "మా దగ్గర చర్చికి వెళ్తే కూర్చోమనే దిక్కు కూడా ఉండదు. ఇంతమందికి వంటంటే మాటలా? బస్తాలూ, గిన్నెలూ అన్నీ ఈ గుమ్మంలోంచే మోస్తారా పాపం?"

"ఎందుకు మోస్తాం? వంటగదికి వెనక తలుపుందిగా."

"అవునా! ఎటు తెరుచుకుంటుంది?"

"టైర్ల షాపు పక్క సందులోకి. చెత్త డబ్బాలుంటాయి, కాస్త కంపే అనుకో. అయినా బండి తిన్నగా గుమ్మం దాకా వచ్చేస్తుంది."

"మంచి సౌకర్యం," అని అతను ఫోను తీసి ఏదో టైపు చేశాడు. మళ్ళీ జేబులో పెట్టుకోలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు.

వంటగదిలో కత్తి చప్పుడు ఆగిపోయింది. దుంపలు అయిపోయి ఉంటాయనుకుంది అత్త.

అతను ఫోను ఆమె ముందు పెట్టాడు. తెర మీద ఫోటో. అద్దాల పెట్టెలోని ఫోటోను అద్దం మీంచి తీసింది. వీధి నీడా, తీసినవాడి భుజం నీడా కలిసి, వాటి మధ్యలో పాలిపోయిన ముఖంతో లాండ్రీ అమ్మాయి.

"మా ఆవిడండీ. తెలిసినవాళ్ళెవరో ఇటుగా వెళ్తూ చూసి పంపారు. ఆ పెట్టె అక్కడ పెట్టించిన మహాతల్లి ఎవరో గానీ, ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనుంది."

అత్త ముఖం విప్పారింది. "అమ్మాయ్, ఎవరొచ్చారో..." అని కేక వేయబోయి, సగంలో నోరు మూసుకుంది.

ఎందుకు మూసుకుందో మొదట ఆమెకే తెలియలేదు. గుమ్మంలో నిలబడ్డ ఇన్నేళ్ళలో ఎన్ని రకాల మనుషుల్ని చూసింది! ఆకలని వచ్చినవాళ్ళు, చలని వచ్చినవాళ్ళు, మరుగుదొడ్డి ఎక్కడని వచ్చినవాళ్ళు. వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందని అడిగిన అతిథి మాత్రం ఒక్కడూ లేడు. పెళ్ళాం కోసం వెతుక్కుంటూ వచ్చినవాడు ముందు పెళ్ళాం సంగతి అడగాలి కదా. ఇతను ముందు తలుపు సంగతి అడిగాడు.

అడిగితే చెప్పిందెవరు? తనే. సందుతో సహా, చెత్త డబ్బాలతో సహా.

"ఆ అమ్మాయా?" అంది అత్త. "వెళ్ళిపోయింది బాబూ. పొద్దున్నే. వేరే ఊరికి."

ఆ చూరు కింద ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అందుకే సరిగ్గా కుదరలేదు. కుదిరేదేమో గానీ, రొట్టెల ట్రే గుండెలకు హత్తుకుని పాస్టరు గారు అప్పుడే లోపలికి వచ్చారు. ఫోను వైపు తొంగిచూశారు.

"ఈవిడా? వంటగదిలోనే ఉందిగా! ఇందాకే నేను ఉల్లిపాయలు ఇచ్చొచ్చాను."

అత్త కాలు పాస్టరు గారి కాలి మీద పడింది. ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు. పాస్టరు గారు ట్రేతో సహా అరంగుళం పొట్టి అయ్యారు.

అతను మాత్రం వంటగది వైపు పరిగెత్తలేదు, గొంతు పెంచలేదు. టీ కప్పు అందుకుని, మిగిలింది తాగేశాడు.

"తొందరేం లేదండీ. పని ముగించుకునే రానివ్వండి. తిననిదే ఎవరినీ పంపించరట కదా ఇక్కడ? బోర్డు మీద చదివాను."

"ఎంత మంచి మాటన్నావు బాబూ!" అన్నారు పాస్టరు గారు, కాలు రుద్దుకుంటూనే. "కొత్తగా వచ్చావు కదా, ఒక ఫోటో తీసుకుందాం."

"వద్దండీ," అన్నాడు అతను ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నాకు ఫోటోలు పడవు."

*

అత్త పాస్టరు గారిని కుర్చీల దొంతర వెనక్కి లాక్కెళ్ళింది.

"అతన్ని పంపించెయ్యండి."

"ఎవరు, మీరేనా ఈ మాట అంటున్నది? తాగినవాణ్ణి ఎండలో బయటికి తోశారని ఆ రోజు సంఘ పెద్దాయన్ని ఎన్ని మాటలన్నారు! ఆయన ఇంకా మీ ముఖం చూడటానికి భయపడుతున్నాడు."

"వాడు తాగి వచ్చాడండీ. వీడు తాగకుండా వచ్చాడు. వీడంటేనే నాకు భయంగా ఉంది."

"అత్తా, ఏ ఇంట్లో మాటా మాటా రాదు? అంత దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చాడు పాపం. ఎంత నెమ్మదస్తుడో చూస్తున్నారుగా. విడిపోయినవాళ్ళు మన బల్ల దగ్గర కలుసుకుంటే, అంతకన్నా మనకు కావలసిందేముంది?"

"ఆ పిల్లకు కావలసిందేమిటో అడిగారా?"

"మీరు అడిగారా?" అన్నారు పాస్టరు గారు. ఎత్తిపొడుపు కాదు, ఆయన అలా మాట్లాడే మనిషి కాదు. మామూలుగానే అడిగారు.

ఆమె తిరిగి చూసేసరికి భోజనానికి జనం వస్తున్నారు. వాళ్ళని లోపలికి పిలుస్తున్నవాడు అతనే. ప్లేట్ల దొంతర చంకన పెట్టుకుని, గుమ్మంలో సరిగ్గా అత్త నిలబడే చోట నిలబడి, ఒక్కొక్కరికీ ఒక్కో ప్లేటు అందిస్తున్నాడు. "రండి, రండి. మెట్టు చూసుకోండి తాతగారూ." గిటారాయన అతని వీపు తట్టాడు. టైర్ల షాపు ఆయన మసి చెయ్యి తుడుచుకుని మరీ చెయ్యి కలిపాడు. ఒక ముసలావిడ, "అత్తా, నీ ఉద్యోగం పోయింది పో!" అని నవ్వింది.

ఆ గుమ్మం దాటి బయటికి ఎవరు పోవాలన్నా ఇప్పుడు అతన్ని దాటే పోవాలి.

అత్త వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

లాండ్రీ అమ్మాయి నిలబడే ఉంది. దుంపలు అయిపోలేదు. చెక్కు సగం వేలాడుతున్న దుంప ఎడమ చేతిలో, కత్తి కుడి చేతిలో.

"విన్నావా?"

"బూట్లు తుడుచుకున్నప్పుడే విన్నాను."

"అయితే ఇంకా నిలబడ్డావేం తల్లీ! పద, వెనక నుంచి..."

"చూడండి," అంది అమ్మాయి, తలుపు పక్కన మసిపట్టిన చిన్న కిటికీ చూపిస్తూ.

అత్త చీర కొంగుతో అద్దం తుడిచి చూసింది. సందులో చెత్త డబ్బాల పక్కన ఒక మోటారు సైకిలు. దాని మీద అడ్డంగా కూర్చుని ఒకడు నారింజ తొనలు ఒలుచుకుంటున్నాడు. తొక్కలు డబ్బాలోనే వేస్తున్నాడు, బుద్ధిగా.

"వాళ్ళ తమ్ముడు. ఈయన ముందు నుంచి వస్తే వాడు వెనక నిలబడతాడు. ఎక్కడికెళ్ళినా ఇదే వరస. ఏ తలుపు ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు."

అత్త స్టూలు మీద కూలబడింది.

"నేనే చెప్పాను," అంది.

"అదీ విన్నాను."

"ఇప్పుడే వెళ్ళి ఆ ఫోటో చింపేస్తా. ఆ పెట్టెనే పగలగొడతా."

"చూడాల్సినవాడు చూశాక చింపి ఏం చేస్తారు?"

"పోలీసులకి ఫోను..."

"చేశాను అత్తా, పోయిన ఊళ్ళో. వాళ్ళతో ఎంత బాగా మాట్లాడాడో తెలుసా? వెళ్ళేటప్పుడు వాళ్ళే నాకు చెప్పారు, అదృష్టవంతురాలివమ్మా అని." అమ్మాయి దుంపను గిన్నెలో పడేసింది. నీళ్ళు చిందాయి. "కొట్టడు. తిట్టడు కూడా. బయట తాళం వేసుకుని పనికి వెళ్తాడు. సాయంత్రం వచ్చి తీస్తాడు. నీ మంచికే అంటాడు. కిటికీలకి మేకులు కొట్టాడు, దొంగలొస్తారని. నేను పక్కింటావిడతో మాట్లాడానని ఇల్లే మార్చేశాడు. ఎవరితో చెప్పినా ఇదేనా కష్టం అంటారు. అంత జాగ్రత్తగా చూసుకుంటున్నాడు కదా అంటారు."

అత్త ఏదో అనబోయింది. అమ్మాయి ఆగలేదు. ఇన్నాళ్ళూ ముక్తసరిగా తప్ప మాట్లాడని పిల్ల.

"లాండ్రీకి వస్తూ పోతూ ఈ హాలు చూసేదాన్ని. తలుపుకి గడియ లేదు. అది చూసే వచ్చాను, ప్రార్థన కోసం కాదు, మీ టీ కోసం కాదు. వెనకాల కూర్చుంటే నన్ను ఎవరూ పట్టించుకోరనుకున్నాను. అదే నాకు హాయిగా ఉండేది. మీరొచ్చి లేపారు. పేరు అడిగారు. తప్పుడు పేరు చెప్పాలని కూడా తోచలేదు, అంత భయం వేసింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మీరు నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వు తల్లీ అన్నారు. నవ్వాను కూడా అత్తా. మీరంత సంతోషంగా ఉన్నారు మరి."

కుట్టుపనిలో అత్తకు ఒక అలవాటుంది. బట్ట పాడైతే వెంటనే తిరగేసి, ఎక్కడ విప్పితే బాగవుతుందా అని చూస్తుంది. ఇప్పుడు ఎటు తిప్పినా విప్పడానికి కుట్టు కనబడలేదు. తను చూడాలనుకున్నది కొత్త ముఖాలను, అద్దాల పెట్టె నిండటాన్ని. ఆ ముఖాల్లో ఏముందో ఎప్పుడైనా చూసిందా? కోటు విప్పని మనిషిని, సంచి పట్టీ వదలని మనిషిని చూసి సిగ్గనుకోవడానికి ఎంత గుడ్డితనం కావాలి?

"ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి మీ ఆయన్ని పొమ్మంటాను," అంది లేస్తూ. "నా నియమం, నేనే మీరతాను."

"పోడు. మర్యాదగా నవ్వుతాడు. మీరు అరుస్తారు. చూసేవాళ్ళకి ఎవరు మంచివాళ్ళలా కనబడతారు?"

అది నిజమే. అత్త మళ్ళీ కూర్చోలేదు గానీ, కదల్లేకపోయింది.

అవతల హాల్లో కుర్చీలు జరుగుతున్నాయి. ఎవరో వడ్డించే కిటికీ తలుపు మీద వేళ్ళతో దరువు వేసి, "ఏమ్మా, సూపు మీరే తాగేస్తున్నారా ఏంటి?" అని అరిచారు. నవ్వులు. ఆ నవ్వుల్లో అతని నవ్వూ ఉంది. అమ్మాయి దాన్ని విడిగా గుర్తుపట్టిందని ఆమె మెడ నరాలు చెప్పాయి.

"మరేం చేద్దాం తల్లీ?" అంది అత్త. ఆ ప్రశ్న ఆమె ఎవరినైనా అడగడం చూసినవాళ్ళు లేరు.

అమ్మాయి కత్తి కడిగి, తుడిచి, దాని చోట పెట్టింది.

"ప్రతిసారీ నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు దొరికాను. గదిలో, సందులో, బస్టాండులో. ఇంతమంది మధ్య ఎప్పుడూ దొరకలేదు. వీళ్ళంతా నాకు చప్పట్లు కొట్టినవాళ్ళే కదా. ఏమంటారో చూస్తాను." అత్త వైపు తిరిగింది. "మీరు ముందు నడవకండి. మాట్లాడకండి. పక్కన ఉండండి, చాలు."

చెయ్యి చాపింది. తడి చెయ్యి, చల్లగా ఉంది. అత్త పట్టుకుంది. ఈసారి ఊపలేదు.

హాలు నిండిపోయింది. ఇద్దరూ వంటగది గుమ్మంలో నిలబడగానే అతను చివరి ప్లేటు ఎవరికో అందించి, చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. బల్లల మధ్య నుంచి, ఎవరి మోచేతికీ తగలకుండా, పక్కకు ఒరుగుతూ నడిచి వచ్చాడు.

"చిక్కిపోయావు," అన్నాడు. అందరికీ వినబడేటట్టు, ఎంతో మెత్తగా. "పద, ఇంటికి పోదాం. వీళ్ళని ఇంకా ఇబ్బంది పెట్టకు."

"రాను."

"ఇంట్లో మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

"చూడాలనే చెప్తున్నాను," అంది అమ్మాయి. "నన్ను ఇంట్లో పెట్టి బయట తాళం వేస్తాడు. వెనక సందులో వాళ్ళ తమ్ముణ్ణి కాపలా పెట్టాడు. నేను వెళ్ళను. నన్ను పంపించకండి."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. టీ డబ్బా బుస ఒక్కటే మిగిలింది. అప్పుడు హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడుకి వీధిలో కుక్కలు మొరిగాయి. గిటారాయన, టైర్ల షాపు ఆయన, ముసలావిడ, అందరూ వచ్చి ఆమెకూ అతనికీ మధ్య గోడ కట్టినట్టు నిలబడ్డారు.

ఇక్కడ కలం ఆపి ఒక సంగతి ఒప్పుకోవాలి. అందరూ లేచి నిలబడ్డారన్నది నేను కల్పించిన ముక్క. రాస్తూ రాస్తూ, అలా జరిగితే ఎంత బాగుంటుందనిపించి రాసేశాను. ఎవరూ లేవలేదు. గిటారాయన రొట్టె ముక్కను ఇంకా చిన్న ముక్కలు చేశాడు. టైర్ల షాపు ఆయన కప్పు అడుగున ఏముందో చూశాడు. మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని ముసలావిడ పక్కావిడ చెవిలో అంది. ఆమె చెవిలో చెప్పిన మాట హాలంతా విన్నది.

లేచింది పాస్టరు గారు ఒక్కరే. లేచి, తాను కూర్చున్న కుర్చీనే చేత్తో దులిపి ముందుకు జరిపారు.

"కూర్చో బాబూ," అన్నారు. "నువ్వూ కూర్చోమ్మా. ముందు తినండి. తింటూ మాట్లాడుకుందాం."

అతను కూర్చున్నాడు. పక్క కుర్చీ లాగి, ఆమె కోసం అరచేత్తో తుడిచాడు.

అమ్మాయి ఆ కుర్చీ వైపు చూడలేదు. అత్త ముఖంలోకి చూసింది. మాట్లాడవద్దని తనే చెప్పిన అత్త ముఖంలోకి.